లింక్ నొక్కేముందు అడ్రస్ వినిపించే బ్రౌజర్: ఆరేళ్ల వాడకం తర్వాత

పేరు దగ్గరే ఒక చిక్కుంది, ముందే చెప్పేస్తాను. లింక్స్ అని పలికే టెక్స్ట్ బ్రౌజర్లు (బొమ్మలు లేకుండా అక్షరాలే చూపేవి) రెండున్నాయి, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా రెండింటినీ ఒకేలా పలుకుతుంది. నేను రాస్తున్నది ఎల్, వై, ఎన్, ఎక్స్ అక్షరాలున్న దాని గురించి. నాకు చూపు లేదు. ఆరేళ్లుగా లినక్స్ కన్సోల్‌లో (అక్షరాలు మాత్రమే ఉండే తెర) స్పీకప్ అనే స్క్రీన్ రీడర్‌తో, ఈస్పీక్ అనే మాట్లాడే ప్రోగ్రామ్ గొంతుతో దీన్ని రోజూ వాడుతున్నాను. వెబ్ పేజీల్లో నడిచే జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు ఇందులో నడవవు, మనల్ని వెంటాడే ట్రాకర్ల గోల తక్కువ, చదువుతుంటే మధ్యలో ఏదీ వచ్చి పడదు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం స్క్రీన్ అడుగున వచ్చే ఒక్క లైను.

ఓ అక్షరం కీ నొక్కి ఆప్షన్స్‌లోకి వెళ్లి యూజర్ మోడ్‌ని అడ్వాన్స్‌డ్‌కి మార్చుకుంటే, ఏ లింక్ మీద ఉన్నామో ఆ లింక్ అసలు అడ్రస్ అడుగు లైన్లో వస్తుంది. తెర మీద కొత్తగా పడిన అక్షరాల్ని స్పీకప్ చదువుతుంది కాబట్టి అది దానంతటదే వినిపిస్తుంది. చూపున్నవాళ్లు మౌస్‌ని లింక్ మీద పెట్టి చూసుకునేది నాకు ఇలా అడగకుండానే దొరుకుతుంది. అక్కడే షో కర్సర్ అనే ఆప్షన్ కూడా ఆన్ చేసుకోండి, లేకపోతే కర్సర్ కింద కుడి మూలన కూర్చుంటుంది, మీరు ఏ లింక్ మీద ఉన్నారో స్క్రీన్ రీడర్‌కి తెలియదు.

ఇప్పుడు ఒక రాత్రి జరిగిన సంగతి. మెయిల్ నేను టెర్మినల్‌లోనే చదువుతాను, హెచ్‌టీఎంఎల్ మెయిల్ (వెబ్ పేజీలా రాసినది) వస్తే ఇదే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. నా ఖాతా ఉన్న బ్యాంకు పేరుతో ఒక మెయిల్ వచ్చింది, 24 గంటల్లో వివరాలు ధ్రువీకరించకపోతే లావాదేవీలు ఆగిపోతాయని. మర్నాడు పొద్దున్నే ఒకరికి డబ్బు పంపాల్సి ఉంది, టెన్షన్ పట్టుకుంది. లింక్ మీదకి వెళ్లాను. హెచ్‌టీటీపీఎస్, బ్యాంకు పేరు, డాట్ కామ్ అని వినిపించింది. అంతవరకు విని, సరే మనదే అనుకుని గొంతు ఆపేశాను. ఈ బ్రౌజర్‌లో కుడి బాణం నొక్కితే లింక్ తెరుచుకుంటుంది, వేలు దాని మీదే ఉంది. కానీ కామ్ తర్వాత స్లాష్ అనాల్సిన చోట డాట్ అన్నట్టు చెవిలో ఎక్కడో మిగిలింది. వేలు తీసేసి మళ్లీ మొదటినుంచి, ఈసారి ఒక్కో అక్షరం చదివించుకున్నాను. కామ్ తర్వాత నిజంగానే డాట్, ఆ తర్వాత సెక్యూర్ అనే మాట, ఒక హైఫన్, కొన్ని అంకెలు, చివర్లో బ్యాంకుతో ఏ సంబంధమూ లేని ఇంకో డొమైన్, అంటే వేరే సైటు పేరు. ఈక్వల్స్ కీ నొక్కి పూర్తి అడ్రస్ ఇంకోసారి విన్నాను, అదే. తెల్లారాక కార్డు వెనకాల ఉన్న నంబరుకి ఫోన్ చేస్తే అలాంటి మెయిల్ మేం పంపలేదన్నారు.

అప్పటినుంచి ఈ ఫీచర్ మీద ప్రేమ పెరిగింది, భయం కూడా పెరిగింది. అడ్రస్ ఎవరిదో తేలేది హెచ్‌టీటీపీఎస్ తర్వాత మొదటి ఒంటి స్లాష్‌కి సరిగ్గా ముందున్న ముక్కలో, చెవికి ముందు వినిపించేది ఆ వరసలో మొదటి ముక్క. వేగంగా వింటూ సగంలో గొంతు ఆపేసే అలవాటు నాలాంటివాళ్లందరికీ ఉంటుంది, అలా ఆపేసేవాళ్లకి ముందుపెట్టిన దొంగ పేరు ఒక్కటే అందుతుంది. పైగా అడ్రస్ మరీ పొడుగైతే అడుగు లైన్లో తోక తెగిపోతుంది, తెగిందని ఎవరూ చెప్పరు. కాబట్టి ఆ లైను మీదే పూర్తిగా ఆధారపడొద్దు, అనుమానం వస్తే ఈక్వల్స్ కీ నొక్కండి. ఒక్క విషయంలో మాత్రం చెవిదే పైచేయి, ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి ఎమ్ లాగా కనిపించేలా చేసే మోసం అక్షరం అక్షరం వినేవాళ్ల దగ్గర సాగదు.

ఇంకొకటి ఒప్పుకోవాలి. సైటు తన గుర్తింపుగా చూపే సర్టిఫికెట్ తేడాగా ఉంటే ఈ బ్రౌజర్ ఆగి, ముందుకి వెళ్లాలా అని అడుగుతుంది. పాత సైట్లు ఎక్కువ చదువుతాను, ప్రతిసారీ ఆ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చి సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్లో ఫోర్స్ ఎస్‌ఎస్‌ఎల్ ప్రాంప్ట్ అనే సెట్టింగ్‌ని ఎస్ (అవును) అని పెట్టాను. ప్రశ్న అడగమని చెప్పినట్టు అనిపిస్తుంది గానీ, దాని అర్థం అడగకుండా వెళ్లిపొమ్మని. ఎనిమిది నెలలు అలాగే నడిచింది, ఆ మెయిల్ వచ్చింది కూడా ఆ నెలల్లోనే. దొంగ సైట్లు కూడా సరైన సర్టిఫికెట్ తెచ్చుకుంటాయి కాబట్టి ఆ రాత్రి తేడా ఉండేది కాదేమో, కానీ బయట వైఫైల్లో పాస్‌వర్డులు కొట్టిన రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఇప్పుడు అది తిరిగి ప్రాంప్ట్ (అంటే ప్రతిసారీ అడగడం) మీదే ఉంది, ప్రశ్న వస్తే మొత్తం వింటాను.

పాతది, చిన్నది కాబట్టి సురక్షితం అని నేనూ చాలామందికి చెప్పాను, అది కొంచెం తగ్గించి చెప్పాల్సింది. 2021లో బయటపడిన లోపమే చూడండి, అడ్రస్‌లోనే యూజర్ పేరు, పాస్‌వర్డ్ కలిపి రాస్తే కనెక్షన్ మొదట్లో అవి ఎన్‌క్రిప్ట్ కాకుండా, అంటే ఎవరైనా చదవగలిగేలా బయటికి వెళ్లేవి. తర్వాత సరిచేశారు, పాత వెర్షన్ ఉంటే మార్చండి.

సైట్లు మనల్ని గుర్తుపెట్టుకోడానికి మన మెషీన్‌లో దాచే కుకీ వచ్చినప్పుడల్లా అవును, కాదు, ఎప్పుడూ, ఎన్నడూ వద్దు అని అడిగే పద్ధతి నాకు నచ్చింది, కొందరికి అదే చిరాకు. నా చదువంతా వ్యాసాలు, డాక్యుమెంట్లు, మెయిల్, వాటికి దీన్ని మించింది నాకు దొరకలేదు. బ్యాంకు లాగిన్ పేజీ మాత్రం జావాస్క్రిప్ట్ లేకుండా తెరుచుకోదు, ఆ పనికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, ఆర్కా అనే స్క్రీన్ రీడర్ ఉన్న వేరే మెషీన్ పెట్టుకున్నాను. మీకు ఉన్నది ఒకటే మెషీన్, రోజులో సగం పని చెల్లింపులూ ఫారాలే అయితే మొదటివారమే విసిగిపోతారు. కన్సోల్‌లో తెలుగు లిపి కూడా సరిగ్గా రాదు, తెలుగు పేజీలు నేను ఆ రెండో మెషీన్‌లోనే చదువుతాను.