మూడు వానాకాలాలు తిన్న సస్పెన్షన్ సీట్‌పోస్ట్

సస్పెన్షన్ సీట్‌పోస్ట్ అంటే సైకిల్ సీటును మోస్తూ, గతుకుల కుదుపును మింగే పోస్టు. ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం మధ్య దారుల్లో మూడు వానాకాలాలు వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. సైకిల్ ఉక్కు ఫ్రేముది, టైర్లు 700 × 38. తొక్కే మనిషి బరువు సంచితో కలిపి 75 కిలోలు. దీని మీద రెండు రకాల పోస్టులు వాడాను. మొదటిది గొట్టంలో గొట్టం జారే రకం, కదలిక 40 మి.మీ. రెండోది నాలుగు కీళ్ల మీద ఊగే లింకు రకం, కదలిక 50 మి.మీ. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ రెండు రకాల్లో ఏ కంపెనీది కొన్నా అరిగే చోట్లు దాదాపు ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాను. గొట్టం రకం చవకే గానీ, ఒక్క వానాకాలం దాటితే సీటు ముక్కు అటూ ఇటూ ఆడుతుంది. లింకు రకం ఖరీదు. కప్పి ఉంచితే ఏళ్లు నిలుస్తుంది, కప్పకపోతే అదీ అంతే. గ్రీజు ఎంత పూశామన్న దానికంటే కవరు ఉందా లేదా అన్నదే దీని ఆయుష్షు తేలుస్తుంది.

గొట్టం రకం ఎందుకు తొందరగా పాడవుతుందంటే, సీటు గొట్టం (ఫ్రేములో పోస్టు దిగే గొట్టం) నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. మన బరువేమో నేరుగా కిందికి పడుతుంది. దాంతో లోపలి గొట్టం సాఫీగా జారకుండా బుష్‌ను (కదిలే భాగాల మధ్య రాపిడిని తట్టుకునే తొడుగును) ఒక పక్కకి ఒత్తుకుంటూ దిగుతుంది. చిన్న గతుకులకు అసలు కదలదు, పెద్ద గుంటకి ఒక్కసారి ‘టక్’మని దిగుతుంది. గొట్టం తిరిగిపోకుండా లోపల గాళ్లలో ‘కీ’ అనే చిన్న ప్లాస్టిక్ ముక్కలు ఉంటాయి. ఆ గాళ్లలోకి ఇసుక చేరిందా, కీలు అరిగిపోతాయి. కొత్తదానిలోనే సీటు ముక్కు దగ్గర ఒకటి రెండు మి.మీ. ఆడటం మామూలే. అయిదు దాటితే కీలు పోయినట్టు. చవక రకాలకు ఈ కీలు విడిగా దొరకవు, పోస్టే మార్చాలి.

నేను వాడిన లింకు రకంలో స్ప్రింగు గొట్టం లోపలే ఉంటుంది. పైన లింకుకున్న చిన్న రోలరు, స్ప్రింగు నెత్తి మీది టోపీని నొక్కుతుంది. బరువు పడితే సీటు కిందికీ, కొంచెం వెనక్కీ కదులుతుంది. స్ప్రింగుకి బదులు లింకుల మధ్య రబ్బరు దిమ్మె పెట్టే రకాలూ ఉన్నాయి. వాటికి స్ప్రింగు తుప్పు బాధ ఉండదు గానీ రబ్బరు కాలం గడిచేకొద్దీ గట్టిపడి పగులుతుంది.

కొనే ముందు చూడాల్సింది పోస్టు వ్యాసం, అంటే దాని లావు ఎన్ని మి.మీ. అన్నది. పాత పోస్టు మీదే 27.2 అనో 31.6 అనో చెక్కి ఉంటుంది. లేకపోతే వర్నియర్‌తో కొలవాలి. ఈ కొలతలు 0.2 మి.మీ. తేడాతో నడుస్తాయి, కంటితో చూసి కొంటే నష్టపోతాం. సన్నటి పోస్టును లావు గొట్టంలో పెట్టాలంటే అల్యూమినియం షిమ్ (సందు నింపే పల్చటి తొడుగు) చాలు, లావు పోస్టును సన్నటి గొట్టంలో పెట్టే దారి మాత్రం లేదు. ఇంకొకటి, ఫ్రేము బిగింపు నుంచి సీటు కడ్డీల దాకా ఇప్పుడు ఎంత ఎత్తుందో కొలిచి పెట్టుకోండి. లింకు రకం తలకాయే పది సెంటీమీటర్ల దాకా తింటుంది. పొట్టి మనిషికి, పెద్ద ఫ్రేముకి ఇది పట్టదు.

స్ప్రింగు బిగింపు కింది కొసన ఉంటుంది. పోస్టు బయటికి తీసి, అలెన్ కీతో కుడివైపు తిప్పితే గట్టిపడుతుంది. ఆ మర గొట్టం అంచు దాటి బయటికి రాకూడదు, వస్తే పట్టు చాలక ఊడుతుంది. గోడకి ఆనుకుని, ఎప్పుడూ వేసుకునే సంచితో సహా కూర్చుని, సీటు ఎంత దిగిందో ఇంకొకరి చేత కొలిపించండి. 50 మి.మీ. రకంలో 10 నుంచి 12, 40 రకంలో 6 నుంచి 8 దిగితే సరిపోయినట్టు. పూర్తిగా బిగించినా ఇంకా దిగుతుంటే ఆ స్ప్రింగు మీ బరువుకి చాలదు, గట్టిది తెప్పించుకోవాలి. ఎంత దిగిందో అంత ఎత్తు సీటును పైకి లేపండి. చాలామంది ఈ పని చేయరు. మోకాళ్లు నొప్పెడితే తప్పు పోస్టు మీదికి నెడతారు.

ఇక కవరు సంగతి. వెనక చక్రం చిమ్మే నీళ్లు సూటిగా తగిలేది సీట్‌పోస్టు వీపుకే. నాట్ల రోజుల్లో ట్రాక్టరు చక్రాలు చేలల్లోంచి తెచ్చి రోడ్డు మీద వదిలిన బురద, కోతలనాటికి ఎండి పొడవుతుంది. రాయగడ వైపు పోతే ఎర్రమట్టి. బురద కంటే ఈ పొడే ప్రమాదం. గ్రీజులో కలిసి గరుకు కాయితంలా బుష్‌లను రాస్తుంది. మొదట చేయాల్సింది మడ్‌గార్డు. పొట్టిది కాదు, టైరుకీ సీటు గొట్టానికీ మధ్య సందును పూర్తిగా మూసేది కావాలి.

దాని మీద కవరు. నియోప్రీన్ (ఒక రకం మెత్తటి రబ్బరు) కవర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అంతకంటే చవకలో, మోటారు సైకిళ్ల సీటు కవర్లు కుట్టే దుకాణంలో రెక్సిన్ ముక్క, వెల్క్రో పట్టీ ఇచ్చి కుట్టించుకోవచ్చు. లింకుల చుట్టూ పాత పేపరు చుట్టి కొలత తీసుకోండి. పోస్టు పూర్తిగా దిగినప్పుడు గుడ్డ లింకుల మధ్య నలగకుండా రెండు వేళ్లు పట్టేంత వదులు ఉండాలి. వెల్క్రో అతుకు ముందువైపు రావాలి, వెనక వస్తే బురద నిండి పట్టు వదిలేస్తుంది. అడుగు మాత్రం కుట్టించకండి. లోపలికి చేరిన నీళ్లు పోయే దారి అదే. రెక్సిన్‌కి గాలి ఆడదు కాబట్టి, తడిసిన రోజున విప్పి రాత్రంతా ఆరనివ్వాలి. తడి కవరు ఉండటం కంటే కవరు లేకపోవడమే నయం.

గొట్టం రకానికి వచ్చే మడతల రబ్బరు తొడుగు ఎండకి మడతల దగ్గరే చిట్లుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి, కింద జిప్ టై కట్టి, పైన వదులుగా వదిలితే పని జరుగుతుంది. చూపుకి బాగోదు, అది వేరే మాట.

కడగడం బకెట్టు నీళ్లు, గుడ్డతోనే. బైకులు కడిగే చోట ప్రెజర్ గన్ పెట్టించారంటే కీళ్లలోని గ్రీజు ఒక్క నిమిషంలో బయటికి, నీళ్లు లోపలికి. వానల్లో పదిహేను రోజులకోసారి పాత టూత్‌బ్రష్‌తో కీళ్లు దులిపి, రోలరు మీద గోరంత గ్రీజు రాస్తే చాలు.

మూడు నెలలకోసారి మొత్తం విప్పాలి. ముందు ఫ్రేము అంచు దగ్గర పోస్టుకి టేపు చుట్టండి, లేకపోతే మళ్లీ ఎత్తు వెతుక్కోవాలి. పోస్టు తీసి, కింది మర ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టుకుంటూ విప్పండి. స్ప్రింగు ఏ కొస పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. ఇనుప భాగాలకి కిరసనాయిలు గుడ్డ పనికొస్తుంది, రబ్బరు దిమ్మెకి తగలనివ్వకండి, ఉబ్బుతుంది. దానికి గిన్నెల సబ్బు నీళ్లే. స్ప్రింగుకి మామూలు లిథియం గ్రీజు పల్చగా, లేకపోతే గొట్టంలో గలగలలాడుతుంది. బుష్‌లకీ రబ్బరుకీ సిలికాన్ గ్రీజు. మొత్తం అర చెంచాకి మించదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నూనె వేశామనుకోకండి, అది ఉన్న గ్రీజును కడిగేస్తుంది.

ఉక్కు గొట్టంలో అల్యూమినియం పోస్టు తడికి తెల్లటి పొడి పట్టి అతుక్కుపోతుంది. గొట్టం లోపల గ్రీజు రాసి, రెండు నెలలకోసారి పోస్టు బయటికి లాగి తుడవాలి. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లు నెలకోసారి తీయడం మంచిది. తీసినప్పుడే సైకిల్‌ను తలకిందులు చేసి గొట్టంలో నిలిచిన నీళ్లు ఒంపేయండి. తిరిగి పెట్టేటప్పుడు పోస్టు మీది కనీస లోతు గీత ఫ్రేము లోపలికి వెళ్లి తీరాలి.

కిర్రు వినిపిస్తే కంగారుపడి లింకులు విప్పకండి. ఎక్కువసార్లు అది సీటు కడ్డీల బిగింపుదే. ఒకరు సీటు ముక్కు పట్టి అటూ ఇటూ తిప్పుతుంటే, ఇంకొకరు కీళ్ల మీద వేలు పెట్టి చూడాలి. వేలికి కదలిక తగిలిన చోటే బుష్ అరిగింది. కీళ్ల బోల్టు వదులైతే నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, పోస్టు మీద రాసున్న టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించాలి. ఇంకా బిగిస్తే ఆడటం పోతుంది, దాంతోపాటు సస్పెన్షనూ పోతుంది. ఊళ్లో మిస్త్రీ దగ్గరికి వెళ్తే 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు మీవే పట్టుకెళ్లండి. చాలాచోట్ల రింగు పానాలే ఉంటాయి. బుష్‌లు పర్లాకిమిడిలో దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించాలి. పోస్టుతో పాటే ఒక సెట్టు కొని పెట్టుకోవడం తెలివైన పని.

లోటు కూడా చెప్పాలి. మామూలు పోస్టు కంటే దాదాపు అర కిలో బరువు ఎక్కువ. చేతులకు తగిలే కుదుపు తగ్గదు, నడుముకే సుఖం. నున్నటి తారు మీద జోరుగా తొక్కితే సీటు ఊగుతుంది. టైర్లలో 70 పీఎస్‌ఐ కొట్టించుకుని తిరిగేవాళ్లు ముందు 50కి దింపి చూడండి, కొందరికి పోస్టు ఖర్చే తప్పుతుంది.

విప్పిన ప్రతిసారీ తలకాయ, గొట్టం కలిసే చోటా, బిగింపు కింద పోస్టు మీదా వెలుతురులో వేలితో రాసి చూడండి. వెంట్రుకంత గీత గోటికి తగిలినా అది గీరుడు కాకపోవచ్చు, పగులు కావచ్చు. అల్యూమినియాన్ని వెల్డింగు పెట్టించి మళ్లీ ఎక్కించకండి.