కార్లైల్‌లో ఏడు రంగులు: పాత జంక్షన్ మ్యాపులతో బ్రిటన్ రైలు యాత్ర

బ్రిటన్ రైళ్ల గురించి గైడ్లకు కొదవ లేదు. నేను మాత్రం వందేళ్లు దాటిన జంక్షన్ డయాగ్రమ్‌ల స్కాన్లు ఫోన్‌లో వేసుకుని తిరిగాను. ఇవి ప్రయాణికుల కోసం గీసినవి కావు, గుమాస్తాల కోసం గీసినవి. అందుకే నాకు నచ్చాయి.

అప్పట్లో ఒకే టికెట్ మీద రెండు మూడు కంపెనీల పట్టాల మీదుగా వెళ్లేవాళ్లు. ఆ డబ్బులో ఎవరి వాటా ఎంతో తేల్చడానికి 1842లో లండన్‌లో రైల్వే క్లియరింగ్ హౌస్ మొదలైంది. వాటా తేలాలంటే ఎవరి పట్టా ఎక్కడ ముగుస్తుందో కచ్చితంగా తెలియాలి. అక్కడే పనిచేసే జాన్ ఏరీ 1860లలో ఈ డయాగ్రమ్‌లను సొంతంగా అచ్చువేయడం మొదలుపెట్టాడు. తర్వాత ఆ పనిని సంస్థే తీసుకుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో రంగు, పక్కనే మైళ్లు, చెయిన్లలో దూరం. మైలుకు 80 చెయిన్లు కాబట్టి చెయిన్ అంటే దాదాపు 20 మీటర్లు. అంత దగ్గరగా కొలిచారంటే డబ్బు దగ్గర ఎవరూ తగ్గలేదన్నమాట.

అందరూ ముందు యార్క్ వెళ్లమంటారు. వెళ్లండి, తప్పులేదు. నేషనల్ రైల్వే మ్యూజియానికి ప్రవేశ రుసుము లేదు, స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. పాత కాగితాలు చూడాలంటే మాత్రం అక్కడి ఆర్కైవ్‌కు ముందే రాసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. 1877 నాటి స్టేషన్‌లోనే నార్త్ ఈస్టర్న్ రైల్వే పింగాణీ పలకలతో చేయించిన పెద్ద మ్యాపు గోడ మీద ఉంది. చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ అది కంపెనీ తన గొప్ప చెప్పుకునే మ్యాపు. పోటీ కంపెనీతో పేచీ ఎక్కడ మొదలయ్యేదో అందులో కనబడదు. యార్క్‌లో బస కూడా ఖరీదే. గుర్రప్పందేలు ఉన్న వారాంతం అయితే గది దొరకడమే కష్టం. నాకు దొరికిన గదిలో హీటర్ రాత్రంతా చప్పుడు చేసింది, ఆ రేటుకి అది అన్యాయం.

నా ఓటు కార్లైల్‌కి. స్కాట్లాండ్ సరిహద్దుకు కాస్త ఇవతల ఉన్న ఈ ఊరి సిటడెల్ స్టేషన్ 1847లో తెరిచారు, విలియం టైట్ డిజైన్. 1923లో కంపెనీలు దాదాపు అన్నీ కలిసిపోయి నాలుగు పెద్దవి అయ్యేదాకా, ఇక్కడికి ఏడు కంపెనీల రైళ్లు వచ్చేవి. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్, కెలడోనియన్ ఇంటి ఓనర్లు. మిడ్‌లాండ్, నార్త్ ఈస్టర్న్, నార్త్ బ్రిటిష్, గ్లాస్గో అండ్ సౌత్ వెస్టర్న్, మేరీపోర్ట్ అండ్ కార్లైల్ అద్దెకున్నవాళ్లు. డయాగ్రమ్‌లో ఆ పేజీ చూస్తే కళ్లు తిరుగుతాయి. రైలెక్కి చూస్తే మాత్రం ఒక్కొక్కటే విడిపోతుంది. దక్షిణాన సెటిల్ అనే ఊరి వైపు నుంచి వచ్చే రైలు పెటరిల్ బ్రిడ్జ్ జంక్షన్ దగ్గర న్యూకాజిల్ లైన్‌లో కలుస్తుంది. అంటే మిడ్‌లాండ్ వాళ్లు అంత కష్టపడి కొండల మీద లైన్ వేసి, చివరి కాస్త దూరం నార్త్ ఈస్టర్న్ పట్టాల మీద రావాల్సి వచ్చేది. గ్లాస్గో అండ్ సౌత్ వెస్టర్న్‌దీ అదే కథ, గ్రెట్నా నుంచి కెలడోనియన్ పట్టాలే దిక్కు. ఆ ముక్కకి డబ్బు ఎంతో లెక్కగట్టడానికే ఈ కాగితం.

ఇంకో విశేషం. ఆ ఏడుగురిలో ఆరుగురి దారుల్లో ఇవాళ్టికీ ప్రయాణికుల రైళ్లు నడుస్తున్నాయి. పోయింది నార్త్ బ్రిటిష్ వాళ్ల దారి ఒక్కటే. హావిక్ మీదుగా ఎడిన్‌బరా వెళ్లే వేవర్లీ రూట్‌ను 1969లో మూసేశారు. 2015లో ఎడిన్‌బరా నుంచి ట్వీడ్‌బ్యాంక్ వరకు మళ్లీ వేశారు గానీ కార్లైల్ దాకా రాలేదు. సెటిల్ లైన్‌ను కూడా మూసేయబోయారు, జనం పోరాడితే 1989లో బతికింది. సమయం ఉంటే ఆ లైన్ మీద పగటిపూట ప్రయాణం చేయండి, రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల వంతెన వస్తుంది.

కార్లైల్‌లో స్టేషన్‌కి నడిచివెళ్లేంత దూరంలో చిన్న గెస్ట్‌హౌస్‌లో దిగాను. యార్క్ కంటే బాగా చౌక, గది శుభ్రం, ఖాళీ చేశాక కూడా సాయంత్రం దాకా పెట్టె ఉంచుకున్నారు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే చాలా స్టేషన్లలో సామాను గది ఉండదు.

వేల్స్ సరిహద్దు దగ్గరి ష్రూస్‌బరీకి రెండో స్థానం. 1903 నాటి సెవర్న్ బ్రిడ్జ్ జంక్షన్ సిగ్నల్ బాక్స్‌లో సిగ్నళ్లను, పట్టాల దారులను మార్చే 180 లీవర్లు, ఇంకా పనిలో ఉంది. లోపలికి వెళ్లనక్కర్లేదు, ప్లాట్‌ఫామ్ చివర నిలబడితే చాలు. మ్యాపులో ముచ్చటగా కనబడే ట్రెంట్ స్టేషన్ కోసం మాత్రం దిగకండి. 1968లో మూసేశారు, చూడటానికి ఏమీ మిగల్లేదు.

టికెట్ల సంగతి. అడ్వాన్స్ టికెట్ చౌకే గానీ ఆ రైలే ఎక్కాలి, మధ్యలో దిగడం కుదరదు. జంక్షన్లు చూడ్డానికి వెళ్లేవాళ్లకి అది పనికిరాదు. రద్దీ లేని వేళలకిచ్చే ఆఫ్‌పీక్ టికెట్‌తో మామూలుగా దారిలో దిగి తర్వాత రైలు పట్టుకోవచ్చు, కొనేముందు షరతులు చూసుకోండి. ఆదివారాలు పెట్టుకోవద్దు. పట్టాల మరమ్మతులని రైలు బదులు బస్సు ఎక్కిస్తారు, నన్నూ ఎక్కించారు. బస్సులోంచి ఏ జంక్షనూ కనబడదు. ఆలస్యానికి పరిహారం ఆన్‌లైన్‌లో అడిగితే ఇచ్చారు, టికెట్ ఫొటో దాచుకోండి.