ట్రైలర్ కొన్నాక మొదట వెళ్లాల్సింది కాటా దగ్గరికి: క్యాట్ స్కేల్ రివ్యూ

హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో నలుపు, పసుపు రంగుల్లో క్యాట్ స్కేల్ అని పెద్ద బోర్డు ఉంటుంది, చూసే ఉంటారు. పన్నెండేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను, అది పద్దెనిమిది చక్రాల లారీల వాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనుకునేవాణ్ణి. మన ఊళ్లల్లో ధాన్యం లారీలు, పత్తి లారీలు ఎక్కే వే బ్రిడ్జి ఉంటుంది కదా, కాటా అంటాం, అదే ఇదీ. తేడా ఏంటంటే ఇక్కడ మొత్తం బరువు ఒక్కటే కాకుండా ముందు యాక్సిల్ మీద ఎంత, వెనక యాక్సిల్ మీద ఎంత, ట్రైలర్ చక్రాల మీద ఎంత అని మూడూ విడివిడిగా స్లిప్ మీద వస్తాయి. పికప్ వెనక క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకుని తిరిగేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పదిహేను డాలర్ల ఖర్చు ఇంకోటి లేదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్ద కథ.

పోయిన వసంతంలో అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. హోటళ్లలో పడుకోవడం నాన్నకి నచ్చదు, బయట తిండి అమ్మకి పడదు. సరే అని ఒక వాడిన ట్రైలర్ కొన్నాం. అప్పటికే నా దగ్గర హాఫ్ టన్ పికప్ ఉంది (అది తరగతి పేరే, మోసేది అర టన్నే అని కాదు). ట్రైలర్ అమ్మినతను (ఏ షాపో అడక్కండి) నా ట్రక్ పేరు వినగానే, అది తొమ్మిది వేల పైచిలుకు లాగుతుంది, ఈ ట్రైలర్ ఖాళీ బరువు 5,200 పౌండ్లే, నిశ్చింతగా తీసుకెళ్లండి అన్నాడు. బ్రోషర్ తీసి చూశాను, నిజమే, టోయింగ్ కెపాసిటీ 9,700. లెక్క అయిపోయిందనుకున్నాను. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ఒక నంబర్ ఇంకో నంబర్ కంటే పెద్దదైతే చాలు మనకి.

ఇంటికి తెచ్చేటప్పుడే తెలిసింది ఏదో తేడాగా ఉందని. ఐ-35 మీద పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడల్లా ట్రైలర్ తోక ఊపుతోంది, స్టీరింగ్ చేతిలో తేలిగ్గా, నూనె రాసినట్టు తిరుగుతోంది, ఎదురొచ్చేవాళ్లు లైట్లు కొడుతున్నారు. హైబీమ్ వేశానేమో అని రెండుసార్లు చూసుకున్నాను. వెయ్యలేదు. ట్రక్ వెనక కూర్చుండిపోయి ముక్కు ఆకాశంలోకి లేచింది, అంతే. ఇంటికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

నాన్న పార్కింగ్‌లో చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బండి మొగ్గు సరిగా లేదురా" అన్నారు. తెనాలి దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు వడ్ల బస్తాల బండి తోలిన మనిషి. బస్తాలు ముందుకు ఎక్కువ పేరిస్తే ఎద్దుల మెడలు కమిలిపోతాయి, వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపు మెడకి ఉరి పడుద్ది, అందుకని బండి కట్టగానే నొగలు చేత్తో ఎత్తి చూసేవాళ్లం అని చెప్పారు. నేను ఆ రాత్రి రెండు గంటలు కూర్చుని చదివిన టంగ్ వెయిట్ అంతా ఇదే! ట్రైలర్ ముందు కొస హిచ్ బాల్ (ట్రక్ వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనప గుండు) మీద ఎంత బరువు మోపుతుందో అది టంగ్ వెయిట్. లోడు చేసిన ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తక్కువైతే తోక ఊపుతుంది, ఎక్కువైతే ట్రక్ నడుం వంగుతుంది. ఎద్దులు మారాయి, సూత్రం అదే.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది, నేనూ పడ్డాను. టోయింగ్ కెపాసిటీ అనేది ట్రక్ లాగగలిగే బరువు. బాల్ మీద పడే బరువు లాగే లెక్కలోనే కాదు, మోసే లెక్కలోకి కూడా వస్తుంది. ఆ మోసే లెక్క డ్రైవర్ తలుపు తెరిస్తే లోపలి స్తంభం మీద పసుపుగీతల స్టిక్కర్‌లో ఉంటుంది, మనుషులు, సామాను కలిపి ఇంతకి మించకూడదని. నా ట్రక్‌కి 1,560 పౌండ్లు. బ్రోషర్‌లో అదే మోడల్‌కి ఎంతో ఎక్కువ రాసుంటుంది, ఎందుకంటే సన్‌రూఫ్, లెదర్ సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ అన్నీ అందులోంచే కోత. బ్రోషర్ నమ్మకండి, మీ తలుపు మీద ఉన్నది చూడండి.

ఇక హిచ్ సంగతి. ట్రక్ కింద, బంపర్ వెనక, రిసీవర్ (హిచ్ దూర్చే చదరపు గొట్టం) మీద కూడా ఒక స్టిక్కర్ ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుంటే గానీ కనపడదు. నాది మామూలుగా కడితే ట్రైలర్ 5,000, టంగ్ 500 వరకే. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (బాల్ మీద పడే బరువుని రెండు బార్లతో ముందు చక్రాలకీ, ట్రైలర్ చక్రాలకీ పంచేది) పెడితే టంగ్ 1,050 దాకా. అంటే మామూలు బాల్‌తో ఇంటికి తెచ్చిన ఆ రోజు, ట్రైలర్ ఖాళీగా ఉన్నా, నేను పరిమితి దాటే ఉన్నాను. రిసీవర్, బాల్ మౌంట్ (బాల్ బిగించే కడ్డీ), బాల్, ట్రైలర్ కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతి) నాలుగింటికీ నాలుగు అంకెలు ఉంటాయి, అందులో అన్నిటికంటే చిన్నదే మీ హద్దు. బాల్ మీద కూడా అంకె చెక్కి ఉంటుంది. సైజు కూడా చూసుకోండి. కప్లర్ 2 5/16 అంగుళాలదైతే 2 అంగుళాల బాల్ మీద కూడా కూర్చుంటుంది, లాక్ పడినట్టే ఉంటుంది, గతుకు తగిలినప్పుడు లేచిపోతుంది. ఇది మాత్రం ఆటలు కాదు.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొన్నాను, ట్రక్‌లో బ్రేక్ కంట్రోలర్ పెట్టించాను (టెక్సస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండాలి, అవి పనిచెయ్యాలంటే ట్రక్‌లో ఇది కావాలి). ఇంత చేశాక అంతా సరిపోయిందా లేదా ఎలా తెలుస్తుంది? అక్కడికి కాటా కథ మొదలు.

శనివారం పొద్దున్నే ఆరింటికి, ప్రయాణానికి ఎలా సర్దుతామో అలాగే సర్దుకుని అందరం ఎక్కాం. నీళ్ల ట్యాంకు నిండా, గ్యాస్ సిలిండర్లు నిండా, సోనా మసూరి బస్తా, కుక్కర్లు, అమ్మ వెట్ గ్రైండర్, ట్రక్ వెనక కట్టెలు, పనిముట్ల పెట్టె, పెద్ద కూలర్. మనుషులు కూడా కూర్చోవాలి, లేకపోతే లెక్క అబద్ధం. "తూకం వేయించుకోడానికి ఇంత పొద్దున్నే తలస్నానం చేయించావా" అని అమ్మ. తులాభారం అనుకో అమ్మా అన్నాను.

పని చాలా తేలిక. ప్లాట్‌ఫాం మూడు ముక్కలుగా ఉంటుంది. ముందు చక్రాలు మొదటి ముక్క మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రైలర్ చక్రాలు మూడో దాని మీద వచ్చేలా ఆపుకోవాలి. కాటా వాళ్లతో మాట్లాడే బటన్ లారీ కిటికీ ఎత్తులో ఉంటుంది, పికప్ నుంచి చెయ్యి అందకపోవచ్చు, అందుకని ముందే ఫోన్‌లో వెయ్ మై ట్రక్ అనే వాళ్ల యాప్ పెట్టుకోండి, సీట్లోంచి కదలకుండా డబ్బు కట్టొచ్చు, స్లిప్పు ఫోన్‌కే వస్తుంది. మొదటిసారికి పదిహేను డాలర్లకి అటూ ఇటూ. 24 గంటల్లోపు అక్కడే మళ్లీ తూస్తే దాంట్లో మూడో వంతు దరిదాపు. వెనక లారీలు ఆగి ఉంటే మాత్రం టెన్షన్ వస్తుంది, అందుకే పొద్దున్నే వెళ్లమంటున్నాను. వాళ్లకి అది బతుకుతెరువు, మనకి విహారం.

మూడుసార్లు తూచాను. హిచ్ బార్లు బిగించి ఒకసారి, పక్కకి తీసుకెళ్లి బార్లు వదిలేసి ఇంకోసారి, ట్రైలర్‌ని పార్కింగ్‌లో విప్పేసి ఉత్త ట్రక్ మూడోసారి. ఉత్త ట్రక్ మనుషులతో, సామానుతో: ముందు 3,080, వెనక 3,340, మొత్తం 6,420. బార్లు లేకుండా ట్రైలర్‌తో: ముందు 2,740, వెనక 4,520, ట్రైలర్ చక్రాల మీద 5,560.

ఈ రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. ట్రక్ మీద పెరిగింది 840, అదే టంగ్ వెయిట్. ట్రైలర్ మొత్తం 6,400, అందులో 13 శాతం, బావుంది. కానీ బాల్ మీద పడింది 840 అయితే వెనక యాక్సిల్ మీద పెరిగింది 1,180! మిగతా 340 ఎక్కడ్నుంచి వచ్చింది? ముందు చక్రాల నుంచి. బాల్ వెనక యాక్సిల్‌కి నాలుగైదు అడుగులు వెనక వేలాడుతూ ఉంటుంది కదా, ఏతం మానులాగా ఆ కొస తొక్కితే ఈ కొస లేస్తుంది. ఆ రోజు స్టీరింగ్ ఎందుకు నూనె రాసినట్టు తిరిగిందో ఆ అంకె చూశాక అర్థమైంది. బార్లు బిగించినప్పుడు ముందు 2,980, వెనక 4,160, ట్రైలర్ 5,680. వెనక యాక్సిల్ మీంచి 360 తగ్గింది: 240 ముందుకి తిరిగొచ్చింది, 120 ట్రైలర్ చక్రాల మీదకి పోయింది. ఆ హిచ్ ఏం చేస్తుందో వంద వీడియోలు చూసినా ఎక్కని బుర్రకి ఒక కాగితం ముక్కతో ఎక్కింది.

అయితే సంతోషం అక్కడితో సరి. ట్రక్ రెండు యాక్సిళ్లూ కలిపి 7,140. నా ట్రక్ గరిష్ఠ బరువు 7,000. వెనక యాక్సిల్ హద్దు 4,050, నాది 4,160. టోయింగ్ కెపాసిటీలో ఇంకా మూడు వేలకు పైన మిగిలే ఉంది, రిసీవర్‌లో 210 మిగిలే ఉంది, ట్రక్ మాత్రం నిండిపోయి పొర్లుతోంది. కాగితం మీద వేసుకున్నా అంతే: మనుషులు ఐదుగురం 690, ట్రక్ వెనక సామాను 200, హిచ్ 90, టంగ్ 840, మొత్తం 1,820. స్టిక్కర్ చెప్పింది 1,560. హిచ్ కూడా బరువేనని ఎవరూ చెప్పరు.

నీళ్ల ట్యాంకు ఖాళీ చేశాం. నలభై గ్యాలన్లు, గ్యాలన్ ఎనిమిది పౌండ్ల పైచిలుకు, దాదాపు 340 పోయింది. మా ట్రైలర్‌లో ట్యాంకు ఇరుసుకి ముందుంది కాబట్టి టంగ్ మీద కూడా 100 దాకా తగ్గింది. ట్యాంకు వెనక ఉన్న ట్రైలర్లలో దీనికి తిరగబడుతుంది, నీళ్లు తీసేస్తే టంగ్ పెరుగుతుంది, కనుక మీది ఎక్కడుందో చూసుకోండి. కట్టెలు, పనిముట్ల పెట్టె, కూలర్ ఇంట్లో దింపేశాం. పనిముట్లలో ఒక జాక్, రెండు పానాలు మాత్రం ఉంచుకున్నాను. మధ్యాహ్నం మళ్లీ వెళ్లి తూస్తే ముందు 3,000, వెనక 3,860, ట్రైలర్ 5,440. ట్రక్ 6,860. ఒడ్డున పడ్డాం. 140 పౌండ్ల సందు పెద్ద సందేం కాదు, నిజం చెప్పాలంటే ఈ ట్రైలర్‌కి ముప్పావు టన్ను, అంటే పై తరగతి ట్రక్కే సరైన జోడీ. ఇప్పుడు కొనేవాణ్ణయితే ముందు స్టిక్కర్ చూసి తర్వాత ట్రైలర్ చూసేవాణ్ణి.

ఆ తర్వాత వారం పాలో డ్యూరో క్యానియన్‌కి వెళ్లొచ్చాం. అమరిల్లో వైపు గాలి ఎలా కొడుతుందో తెలిసినవాళ్లకి తెలుసు, అయినా ట్రైలర్ బుద్ధిగా వెనకాలే వచ్చింది. పార్కులోకి దిగే ఘాట్‌లో గేరు తగ్గించుకుని దిగాం, నీళ్లు క్యాంప్‌గ్రౌండ్‌లోనే పట్టుకున్నాం.

ఐదుకి ఐదు ఇస్తున్నాను. సర్వీసు మొదలై యాభై ఏళ్లు కావస్తోంది, తూకం తప్పయి లారీవాడికి ఫైన్ పడితే వాళ్లే కట్టడమో కోర్టుకి రావడమో చేస్తామని హామీ ఇస్తారు, అంత ధీమా ఉన్న కాటా.

గ్రైండర్ ఏమైందని అడుగుతారేమో, అది వచ్చింది. దింపుతామంటే అమ్మ ఒప్పుకోలేదు. నాన్నే దాన్ని మోసుకెళ్లి సరిగ్గా ఇరుసు మీదకి వచ్చే అరలో పెట్టి, పక్కన దుప్పట్లు కుక్కి, "ఇక్కడుంటే ముందుకీ వెనక్కీ పోదు" అన్నారు.