బ్రిటానియా: రాణిగారి ఫోటో సరే, పులావ్ సంగతేంటి?

ముంబై బల్లార్డ్ ఎస్టేట్‌లోని బ్రిటానియా అండ్ కంపెనీ అనే ఇరానీ హోటల్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది బెర్రీ పులావ్ కంటే ముందు ఓనరు కబుర్లు విని వెళ్లినవాళ్లే. బోమన్ కోహినూర్ అనే ఆ పెద్దాయన ప్రతి టేబుల్ దగ్గరికీ వచ్చి, ఏం తినాలో తనే తేల్చేసి, ఈ ఎండకి తియ్యటి లైమ్ సోడా తాగండని చెప్పి, ఆనక లామినేషన్ చేయించి దాచుకున్న ఎలిజబెత్ రాణి ఉత్తరం తీసి చూపించేవారు. 2016లో రాణిగారి మనవడు విలియం, కేట్ దంపతులు ముంబై వస్తే వెళ్లి కలిశారు కూడా. 2019లో, 97 ఏళ్ల వయసులో పోయారు.

మరి ఆయన లేని హోటల్‌కి వెళ్లడం దండగా? కాదు. ఆ కుటుంబం పట్టుదల మాటలతో ఆగలేదు, వంటింట్లోనూ కనిపిస్తుంది. 1923 నాటి హోటల్ ఇది. దశాబ్దాలుగా మధ్యాహ్న భోజనం మీదే నడిచింది. ఇంత పేరుండి రాత్రి గల్లాపెట్టె వద్దనుకోవడానికి గుండె కావాలి!

బెర్రీ పులావ్ బోమన్ గారి భార్య ఇరాన్ నుంచి తెచ్చిన వంట. అసలు కిటుకంతా జెరెష్క్‌లో ఉంది. కిస్మిస్ కంటే చిన్నవిగా, ఎర్రగా ఉండే ఎండు పళ్లు. ఇరాన్ నుంచి తెప్పిస్తారు. కొరికితే మన వాక్కాయంత పులుపు. దీని బదులు దుకాణంలో దొరికే క్రాన్‌బెర్రీ వేస్తే పులావ్ తీపెక్కి చెడుతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు గ్లాసు బియ్యానికి రెండు చెంచాల జెరెష్క్ పది నిమిషాలు చన్నీళ్లలో నానబెడితే ఇసుక దిగుతుంది. పిండేసి, సన్నసెగ మీద నేతిలో చిటికెడు పంచదారతో వేయించి నిమిషం లోపే దించెయ్యాలి. నల్లబడ్డాయంటే చేదే.

ప్లేటు వచ్చాక పైపైన తినకండి. మసాలా మటనో చికెనో అన్నం అడుగున ఉంటుంది. పైన వేయించిన ఉల్లి, జీడిపప్పు, జెరెష్క్. అడుగు నుంచి కలిపితేనే పులుపూ మసాలా ఒకే ముద్దలోకి వస్తాయి. హైదరాబాదీ బిర్యానీ ఘాటు కోసం చూసేవాళ్లకి ఇది చప్పగా అనిపించొచ్చు. అది లోపం కాదు, దాని తీరే అంత. ఇద్దరు వెళ్తే ఒక పులావ్, ఒక సల్లీ బోటీ (పార్సీల మటన్ కూర), రొట్టెలు చాలు. సల్లీ బోటీ మీద సన్నగా కోసి వేయించిన ఆలూ గ్రేవీ తగిలిన కాసేపటికే మెత్తబడిపోతుంది, ఫోటోలు త్వరగా కానివ్వండి.

ఇరానీ హోటల్ అనగానే మనకి చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇక్కడ ఆ ఆశ పెట్టుకోకండి, ఇది అన్నం తినే చోటు. పెచ్చులూడిన గోడలు, పాత చెక్క కుర్చీలు, ఒకే హాల్లో పార్సీల ప్రవక్త జరతుష్ట్ర, గాంధీ, రాణిగారి పటాలు. విలియం దంపతుల కటౌట్ మాత్రం కాస్త ఎక్కువైందనిపిస్తుంది.

సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. ఆఫీసుల పేట కాబట్టి ఒంటిగంటకి క్యూ తప్పదు, తెరిచే వేళకే చేరండి. ఆదివారం తెరిచి ఉంటుందన్న భరోసాతో బయల్దేరొద్దు, ముందు ఫోన్ చెయ్యండి. జేబులో నగదు ఉంచుకోండి. కూర్చోగానే కారమెల్ కస్టర్డ్ ఒకటి చెప్పి పెట్టండి, చివర్లో అడిగితే అయిపోయిందంటే ఉసూరుమంటుంది.