థర్మల్ కెమెరా విదేశీదా, దేశీదా: రొయ్యల గుంటల్లో, గ్రానైట్ యూనిట్లలో వాడాక

వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా కొనేటప్పుడు పేరు కంటే ముందు లెన్సు కోణం, అంటే అది ఎంత వెడల్పు చూస్తుందో చూడండి. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు ఏరియేటర్ (గుంట నీటికి గాలి అందించే యంత్రం) ప్యానెళ్ల మీద, చీమకుర్తి కటింగ్ యూనిట్లలో మోటార్ల మీద రెండు కెమెరాలు చాన్నాళ్లుగా పక్కపక్కనే వాడుతున్నాం. ఒకటి అమెరికన్ బ్రాండు: 320×240 పిక్సెళ్లు, 25 డిగ్రీల లెన్సు, చేత్తో తిప్పే ఫోకస్. రెండోది దేశీ పేరుతో అమ్మేది: 256×192, 50 డిగ్రీల లెన్సు, ఫోకస్ కదలదు.

దేశీ అంటే ఏమిటో ముందే తెలుసుకోవాలి. బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్), టోన్బో లాంటి మన సంస్థలు థర్మల్ పరికరాలు చేస్తున్న మాట నిజమే, కానీ అవి ప్రధానంగా సైన్యం కోసం. ఎలక్ట్రీషియన్ చేతికొచ్చే దేశీ కెమెరాల్లో చాలావాటి లోపలి సెన్సారు బయటి నుంచి తెచ్చిందే. కాబట్టి మనం డబ్బు పెట్టేది వారంటీకి, ఫోనెత్తి పలికే మనిషికి. అదేం చిన్న విషయం కాదు.

ఇక లెన్సు. 50 డిగ్రీలను 256 పిక్సెళ్లకు పంచితే, మీటరు దూరంలో ఒక్కో పిక్సెల్‌కు సుమారు 3.4 మి.మీ. వస్తుంది. చూపించే ఉష్ణోగ్రత నమ్మాలంటే వేడి మచ్చ కనీసం 3×3 పిక్సెళ్లు నిండాలి, అంటే ఒక సెంటీమీటరు. కాంటాక్టర్ (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) టెర్మినల్ స్క్రూ అంతకన్నా చిన్నది. పక్కనున్న చల్లటి భాగం కూడా లెక్కలో కలిసిపోయి అంకె తగ్గుతుంది. సరైన అంకె రావాలంటే అర మీటరుకు జరగాలి. తడి గట్టు మీద నిలబడి, కరెంటున్న ప్యానెల్‌లోకి మొహం పెట్టి చూడటమన్నమాట! 25 డిగ్రీల లెన్సుకు మీటరు దూరంలో పిక్సెల్ 1.4 మి.మీ.లోపే, కాబట్టి మీటరు అవతల నుంచే స్క్రూ చదవొచ్చు. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్‌కు (తీగ తగిలించే పింగాణీ భాగం) తేడా ఇంకా ఎక్కువ. 6 మీటర్ల నుంచి వెడల్పు లెన్సులో ఒక్క పిక్సెల్లోనే 2 సెం.మీ. పడుతుంది, వెనక చల్లటి ఆకాశం కూడా కలుస్తుంది, కాలుతున్న క్లాంపు కూడా మామూలుగానే కనిపిస్తుంది.

ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలో, హెర్ట్జ్‌లలో) గురించి అమ్మేవాళ్లు ఊదరగొడతారు. ఎగుమతి ఆంక్షల వల్ల చాలా అమెరికన్ కెమెరాలు 9 హెర్ట్జ్‌కే పరిమితం, కొన్ని చైనా సెన్సార్లు 25 ఇస్తాయి. కదలని ప్యానెల్‌కు 9 చాలు.

ఏ కెమెరా అయినా ఒకేలా మోసపోయే చోట్లున్నాయి. వదులైన జాయింటులో వేడి దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోడు సగముంటే వేడి నాలుగో వంతే. పగలు ఏరియేటర్లు ఆగి ఉన్నప్పుడు తీసిన ఫొటోలు దండగ. రాత్రి అన్నీ తిరగడం మొదలై గంట గడిచాక చూడాలి. మూడు ఫేజులనూ పక్కపక్కన పోల్చండి. లోడు సమానంగా ఉన్నా ఒక దాంట్లో 15 డిగ్రీలు దాటి తేడా ఉంటే, అమెరికాలో కరెంటు పరికరాల పరీక్షల సంఘం నెటా ప్రమాణాల ప్రకారం అది పెద్ద లోపం. మెరిసే అల్యూమినియం లగ్గు, రాగి బస్‌బార్ తమ వేడిని చూపించవు, ఎదుటనున్న మన ఒంటి వేడిని అద్దంలా చూపిస్తాయి. సప్లై ఆపి నల్ల పీవీసీ టేపు ముక్క అంటించి, కెమెరాలో ఎమిసివిటీ (ఉపరితలం తన వేడిని ఎంత మేర వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.95 పెట్టి, మళ్లీ లోడు ఎక్కాక ఆ టేపు మీదే చదవాలి. ప్యానెల్ ముందు అక్రిలిక్ మూత తీయకుండా చూస్తే, కెమెరా చూసేది మూతనే.

ఏసీ కారులోంచి దించి తిన్నగా గట్టు మీదికి తెస్తే లెన్సు మీద తేమ పడుతుంది. నీటి పొర ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపేస్తుంది. పావుగంట ఆగండి, లోపలి షట్టర్ టిక్కుమంటూ కెమెరా నాలుగైదుసార్లు తన కొలత సర్దుకోనివ్వండి. ఉప్పుగాలికి కవరు తొడగాలనిపిస్తుంది. పల్చటి పాలిథీన్ లోంచి బొమ్మ కనిపిస్తుంది గానీ డిగ్రీలు తప్పుతాయి. చీమకుర్తిలో మరో తంటా: రాతిపొడి పడ్డ జెర్మేనియం లెన్సును తువ్వాలుతో తుడిస్తే గీతలు ఖాయం. మొదట రబ్బరు బ్లోయరుతో ఊది, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తేలిగ్గా తుడవాలి. నీళ్లు కారే బేరింగు హౌసింగు మీద అంకె ఎప్పుడూ తక్కువే చూపుతుంది, అది నమ్మి గ్రీజు మానొద్దు.

సర్వీసులో మాత్రం దేశీదే పైచేయి. బ్యాటరీ ఊడదీసి వేసుకునే మామూలు 18650 రకం లిథియం సెల్లు. విదేశీదానికి కంపెనీ బ్యాటరీయే కావాలి, రిపేరుకు దూరం పంపితే సీజను గడిచిపోతుంది.

గుంటల ప్యానెళ్లు మాత్రమే చూసేవాళ్లు ఇరుకు కోణం లెన్సున్న దేశీది దొరికితే తీసుకోండి. స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా చూడాలంటే చేతి ఫోకస్ ఉన్న విదేశీదే మేలు. ఏది కొన్నా షాపులోనే ఒక ఫొటో తీసి, కంప్యూటర్లో తెరిచి ఎమిసివిటీ మార్చమనండి. డిగ్రీలు మారకపోతే ఆ ఫైల్లో ఉష్ణోగ్రత లేదు, ఉన్నది రంగులే. అలాంటిది వద్దు.