బెడ్‌సైడ్ అల్ట్రాసౌండ్: తిరుపతి నుంచి వచ్చి నేర్పడం మేలా, మన డాక్టర్లనే టీచర్లుగా తయారుచేయడం మేలా?

మొగిలి ఘాట్‌లో యాక్సిడెంట్ అయితే గాయపడ్డవాళ్లను ముందు తీసుకొచ్చేది పలమనేరుకో, చిత్తూరుకో. కడుపులో రక్తం చేరిందేమో అల్ట్రాసౌండ్‌తో మంచం దగ్గరే కొద్ది నిమిషాల్లో చూడొచ్చు. కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య నల్లటి చార కనబడితే తిరుపతికి ఫోన్ చేసి థియేటర్ సిద్ధం చేయించొచ్చు. ఆ చార గుర్తుపట్టడం డ్యూటీ డాక్టర్లకు ఎవరు నేర్పాలి?

పెద్దాసుపత్రి నిపుణులు వచ్చి రెండు రోజుల వర్క్‌షాప్ పెడితే మొదటి పాఠం తప్పుల్లేకుండా పడుతుంది. కానీ ప్రాక్టీసంతా ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్ల మీదే. వాళ్ల కడుపులో రక్తం ఎక్కడిది? అసలు కేసు అర్ధరాత్రి వస్తుంది, అప్పటికి నేర్పినవాళ్లు ఉండరు. ఇక ఆన్‌లైన్ వీడియోలతో చెయ్యి తిరగదు.

స్థానికంగా ఒకరిద్దరిని టీచర్లుగా తయారుచేస్తే ఆ రాత్రి పక్కన నిలబడేవాళ్లు ఉంటారు. అయితే స్కాన్ చేయడం వచ్చినంత మాత్రాన నేర్పడం రాదు. జూనియర్ తడబడగానే "ఇలా ఇవ్వు" అని ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరం) లాక్కుంటాం. టీచర్ ట్రైనింగ్‌లో ముందు మానిపించాల్సింది ఈ అలవాటే. మొదట మాట్లాడకుండా చేసి చూపాలి, తర్వాత వివరిస్తూ చేయాలి. మూడోసారి జూనియర్ చెబుతుంటే మనం చేయాలి, ఆఖర్న ప్రోబ్ అతని చేతికివ్వాలి.

"సార్, ఏమీ కనబడట్లేదు."

"ప్రోబ్ మీది మార్కర్ గుర్తు పేషెంట్ తలవైపే ఉందా? డెప్త్, అంటే చూసే లోతు, ఎంత పెట్టావు?"

అంతే. చేతులు వెనక్కి పెట్టుకుని ఇలా అడగగలిగినవాళ్లే టీచర్లు. రక్తం కొద్దిగా ఉంటే కనబడకపోవచ్చనీ, మొదటిసారి ఏమీ లేకపోయినా మళ్లీ చూడాలనీ వాళ్లే పదేపదే చెప్పాలి.

దీంట్లోనూ చిక్కులున్నాయి. టీచర్‌కు తప్పు అలవాటైతే అదే అందరికీ అంటుకుంటుంది. అందుకని పేషెంట్ పేరు తీసేసిన స్కాన్ వీడియో క్లిప్పులను వారానికోసారి తిరుపతి రేడియాలజిస్టులు చూసి దిద్దాలి. బదిలీలుంటాయి గనక ఒక్కరితో సరిపెట్టకూడదు. ఇక మెషీన్ సంగతి. 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద అది ఉండే చోటుతో సహా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. బ్యాగులో వేసుకుని ఊరూరా తిరిగి నేర్పుదామంటే కుదరదు. ఉన్నచోట ఉన్న మెషీన్ మీదే నేర్పాలి.

నా ఓటు రెండోదానికే. వర్క్‌షాప్‌ను తీసిపారేయను, ఆ టీచర్లను తయారుచేయడానికే వాడదాం. అంతకంటే ముందు సూపరింటెండెంట్లు రెండు పనులు చేయాలి: సాయంత్రం స్కానింగ్ గదికి తాళం పడ్డాక కూడా క్యాజువాలిటీకి ఒక మెషీన్ అందేలా చూడాలి, నేర్పే డాక్టర్‌కు వారంలో ఒక పూట ఓపీ నుంచి మినహాయింపు ఇవ్వాలి.