ఇంటి షెడ్డులో జిప్సీ క్లచ్ మార్పిడి: విడిగా ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు చేసిన మేలు

జిప్సీ గురించి రాసేవారు సాధారణంగా దాని తేలికదనాన్నీ, బురదలో అది చూపే పట్టునూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోదలచినది బండి కింద పడుకుని చూస్తే తప్ప కనిపించదు. మారుతీ జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే గేర్‌బాక్స్ నుంచి వచ్చే శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె, గేర్‌బాక్స్‌కు అతుక్కుని ఉండదు. కొంచెం వెనకగా, తన సొంత రబ్బరు మౌంటింగుల మీద విడిగా వేలాడుతూ ఉంటుంది. ఆ రెండింటినీ ఒక పొట్టి షాఫ్టు కలుపుతుంది. బండి బాగున్నన్నాళ్లు ఈ సంగతి ఎవరికీ పట్టదు గానీ, క్లచ్ ప్లేటు అరిగిపోయిన రోజున దీని విలువ తెలిసివస్తుంది. చాలా ఫోర్ బై ఫోర్ వాహనాల్లో ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్ వెనుక భాగానికే బిగించి ఉంటుంది కనుక, క్లచ్ దగ్గరికి చేరాలంటే రెండు పెట్టెల బరువునూ ఒకేసారి దించి, ఒకేసారి ఎత్తాలి. జిప్సీలో ఆ పొట్టి షాఫ్టు తీసేస్తే గేర్‌బాక్స్ ఒక్కటే కిందికి వస్తుంది. గుంత గానీ, లిఫ్టు గానీ లేని మా షెడ్డులో నేనూ మా బావమరిదీ ఈ పని చేసుకోగలిగామంటే అది ఆ షాఫ్టు పుణ్యమే.

నాది పైన గుడ్డ టాపు ఉన్న 1300 సీసీ ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు అందే) బండి. నర్సీపట్నంలో ఉంటుంది, లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లి వైపు కాఫీ తోటకు తిరుగుతుంది. కోతల కాలంలో బస్తాలతో, వానాకాలంలో జారుడు మట్టితో, ఆ ఘాట్‌లో ముందు లారీ వెనక ఆగి మళ్లీ కదిలే ప్రతిసారీ క్లచ్ కొంత అరుగుతూనే ఉంటుంది. అరిగిన సూచనలు ముందుగా పై గేర్లలోనే కనిపించాయి. ఎత్తు ఎక్కుతూ నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే ఇంజన్ చప్పుడు పెరుగుతుందే తప్ప బండి వేగం పెరగదు. ఆ వెంటనే మాడిన వాసన వస్తుంది.

ఈ దశలో అందరూ చెప్పే సలహా కేబుల్ సరిచేయమని. దాన్ని కొట్టిపారేయలేం. జిప్సీ క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. ప్లేటు పలచబడిన కొద్దీ, దాన్ని ఇంజన్ వెనక తిరిగే బరువు చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు, అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు ఆ చక్రం వైపు జరుగుతుంది, దాని డయాఫ్రమ్ స్ప్రింగు వేళ్ల కొసలు మాత్రం, పెడల్ నొక్కితే వాటిని నెట్టే రిలీజ్ బేరింగ్ వైపు వస్తాయి. అందువల్ల పెడల్‌లో ఉండవలసిన ఖాళీ ఆట తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా పోతుంది, కాలు తీసినా బేరింగ్ ఆ వేళ్లను నొక్కుతూనే ఉంటుంది. నట్టు వదులు చేసి ఆ ఆటను తిరిగి ఇస్తే జారడం కొంతకాలం ఆగుతుంది. నా బండికీ ఆగింది. కానీ సర్దుబాటు మర చివరికి చేరుకున్నాక చేయగలిగింది మరేమీ లేదు.

సన్నాహాల గురించి ఎక్కువ రాయను. బ్యాటరీ తీగ తీయడం, గేర్‌బాక్స్ ఆయిల్ ముందే దింపుకోవడం, లోపలి నుంచి గేరు లివరు విప్పడం, సెల్ఫ్ మోటారును పక్కకు తప్పించడం, రివర్స్ లైటు తీగను ఊడదీయడం, ఇవన్నీ మామూలు పనులే. చెప్పవలసిన విషయం ఒక్కటే ఉంది. జిప్సీ గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. పడుకుని పని చేయడానికి అది సరిపోతుంది గానీ, దించిన గేర్‌బాక్స్‌ను బండి కింద నుంచి బయటికి లాగడానికి చాలదు, ఎందుకంటే గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్ అంతకంటే ఎత్తుగా ఉంటుంది. కాబట్టి బండిని ఛాసిస్ దగ్గర గట్టి స్టాండ్ల మీద బాగా ఎత్తులో నిలబెట్టాలి. జాకీని మాత్రమే నమ్ముకుని దాని కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం.

మా వీధిలో చాలా ఏళ్లు లారీ మేస్త్రీగా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు ఉన్నారు. మేము బోల్టులు విప్పుతుండగా వచ్చి చూసి, "ఇద్దరితో అయ్యే పని కాదు బాబూ, దూలానికి కప్పీ కట్టండి" అన్నారు. తాడు కూడా ఆయనే తెచ్చారు. మేము పొట్టి షాఫ్టు ఫ్లాంజీ బోల్టులు తీసి దాన్ని లాగేశాము, గేర్‌బాక్స్ కింది అడ్డ బద్దెను విప్పాము, ఇంజన్ వెనక్కి వాలకుండా దాని ఆయిల్ సంపు కింద చెక్క పెట్టి ఆనించాము, ట్రాలీ జాకీ మీద ఇంకో చెక్క పలక వేసి గేర్‌బాక్స్‌ను దాని మీదికి తీసుకున్నాము. ఆ తరువాత నాకు ఎదురైనది నిజంగా నేను ఊహించని సౌలభ్యం. బెల్ హౌసింగ్ ఇంజన్ నుంచి విడివడి, గేర్‌బాక్స్ ముందు షాఫ్టు కొన క్లచ్‌లో నుంచి బయటికి వచ్చాక, ఆ అల్యూమినియం పెట్టెను పెళ్లి వంటల గుండిగను ఇద్దరు పట్టుకుని పక్కకు పెట్టినట్టు జాకీ మీద నుంచి చేతులతోనే దించాము. దాని వెనక ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక ప్రొపెల్లర్ షాఫ్టులతో సహా, ఏమీ జరగనట్టు తన చోటనే ఉంది. ఫోర్‌వీల్ లివరును, స్పీడోమీటర్ కేబుల్‌ను మేము ముట్టుకోలేదు. పెద్దాయన తాడు చుట్టుకుంటూ, "ఇంత చిన్న పెట్టెకా నేను కప్పీ అన్నది" అని నవ్వారు.

ఊహించినట్టే ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయింది. ఫ్లైవీల్ ముఖం మీద వేడికి నీలం మచ్చలు పడ్డాయి కనుక దాన్ని విప్పి లేత్ షాపుకు పంపి పలచగా చెక్కించాము. అది ఎలాగూ చేతికి వచ్చింది కాబట్టి మధ్యలో ఉండే చిన్న పైలట్ బేరింగును, దాని వెనక కనిపించిన క్రాంక్ ఆయిల్ సీలును కూడా మార్చేశాము. వాటి ఖరీదు స్వల్పం. వాటి కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించే శ్రమ స్వల్పం కాదు. హౌసింగ్ లోపల పేరుకున్న నల్లటి పొడిని గాలితో ఊదవద్దని ఇక్కడ గట్టిగా చెబుతున్నాను. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి సన్నని ధూళిని ఆపే మాస్కు పెట్టుకుని, తడిబట్టతో తుడవడమే మేలు.

ఎక్కించేటప్పుడు మాత్రం దించినంత సులువు కాదు. కొత్త ప్లేటును సెంటర్ చేసే కడ్డీతో నడిమికి తెచ్చి, ప్రెషర్ ప్లేటు కవరు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. గేర్‌బాక్స్‌ను ఇంజనుకు ఆనించేటప్పుడు రెండు పొడవాటి బోల్టుల తలలు కోసి ఇంజన్ రంధ్రాల్లో దారి చూపే కడ్డీలుగా వాడుకున్నాము. పెట్టెను గేరులో ఉంచి, వెనక షాఫ్టును చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ నెడితే పళ్లు కుదురుకుని హౌసింగ్ దానంతట అదే చేరుతుంది. చేరకముందే బోల్టులతో లాగి బిగిస్తే కొత్త ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది. తొందరపడే మెకానిక్కులు చెడగొట్టేది ఇక్కడే.

ఇదంతా జరిగి రెండు కోతల కాలాలు దాటాయి. మొదట్లో, పెడల్ తేలికైన ఉత్సాహంలో, నేను తెచ్చిన క్లచ్ సెట్టును కనిపించిన ప్రతివారికీ సిఫారసు చేశాను. ఇప్పుడు అందులో ప్లేటును, ప్రెషర్ ప్లేటును మాత్రమే సిఫారసు చేస్తాను. అదే పెట్టెలో వచ్చిన రిలీజ్ బేరింగ్ రెండో వానాకాలానికే పెడల్ నొక్కినప్పుడల్లా గరగరమనడం మొదలుపెట్టింది. దాని కోసం గేర్‌బాక్స్ మళ్లీ దించాము, ఈసారి విడిగా కొన్న మంచి బేరింగు వేశాము. రెండోసారి పని అలవాటైన చేతులతో చకచకా సాగింది గానీ, అసలు అవసరం లేని పని అది. కొత్త బేరింగును పెట్రోలులోనో డీజిలులోనో కడగకూడదు, లోపలి గ్రీజు పోతుంది. ఈ మాట కూడా సెట్టు పెట్టె మీద ఎక్కడా రాసి లేదు.

ట్రాన్స్‌ఫర్ కేసు విడిగా ఉండడాన్ని ఇంతగా పొగిడాను కనుక దాని రెండో ముఖం కూడా చెప్పాలి. విడిగా ఉన్నదంటే అదనంగా ఒక షాఫ్టు, దాని క్రాస్ బేరింగులు, మూడు మౌంటింగ్ రబ్బర్లు ఉన్నాయన్నమాట. వయసు మీరిన బండిలో ఇవన్నీ తమ వంతు ఖర్చు అడుగుతాయి. కొత్త క్లచ్ గట్టిగా పట్టడం మొదలుపెట్టాక నా బండిలో, మొదటి గేరులో కదిలేటప్పుడు, కింద నుంచి ఒక 'ధబ్' అనే చప్పుడు వినిపిస్తోంది. పాత క్లచ్ జారుతూ ఉన్నన్నాళ్లు బహుశా అది దాచిన చప్పుడే. రబ్బర్లు పగిలి ట్రాన్స్‌ఫర్ కేసు కొంచెం ఊగుతోంది, అంతే. ప్రమాదం కాదు, కానీ వినడానికి హాయిగానూ ఉండదు. మామూలు కొనుగోలుదారులకు జిప్సీ అమ్మకం 2019లోనే ఆగిపోయింది కాబట్టి రబ్బర్ల వంటి చిన్న భాగాలను నాణ్యత చూసి కొనడానికి కొంచెం తిరగవలసి వస్తుంది.

నాకు సిమెంటు నేల ఉన్న షెడ్డు ఉంది, బోల్టు పట్టుకోవడానికి విసుక్కోని బావమరిది ఉన్నాడు, రెండు మూడు రోజులు బండి లేకపోయినా తోటకు వెళ్లడానికి మోటారు సైకిలు ఉంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా నేను ఈ పనిని మెకానిక్కుకే అప్పగించి ఉండేవాణ్ణి. అపార్ట్‌మెంటు పార్కింగులో, వాలుగా ఉన్న నేల మీద దీన్ని తలపెట్టవద్దు. ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్స్‌కే బిగించి ఉన్న బండి మీది అయితే నా అనుభవం మీకు సగమే వర్తిస్తుంది, ఆ సగం కూడా క్లచ్ లోపలి పనికి సంబంధించినంత వరకే. జిప్సీ వారికి మాత్రం, పొట్టి షాఫ్టు ఎలాగూ చేతిలో ఉన్న సమయంలోనే దాని క్రాసులను తిప్పి చూసుకుని, మౌంటింగ్ రబ్బర్లను కూడా ముందే తెప్పించుకోమని చెబుతాను. నా బండికి అవి ఈ వేసవిలో పడతాయి. అందాకా లో రేంజిలో (ట్రాన్స్‌ఫర్ కేసులోని, ఎక్కువ లాగుడు ఇచ్చే తక్కువ వేగపు గేరులో) కదిలేటప్పుడు క్లచ్‌ను కొంచెం మెల్లగా వదులుతున్నాను.